అబ్బ అంటే నీళ్ళు

"అబ్బ" అంది మంచం మీది ముసలావిడ.

పాస్కా దిండు గలేబు మారుస్తోంది. తల ఎత్తలేదు.

"అబ్బ" అని మళ్ళీ అంది ఆవిడ. ఈసారి పడిపోని ఎడమచేత్తో పెదవులు చూపించుకుంది.

ఇటలీ దీవి సార్దీనియా కొండల్లో పుట్టినవాళ్ళెవరికైనా అబ్బ అంటే నీళ్ళు. పాస్కా తల్లి పాలతో పాటు నేర్చిన మాటల్లో అది మొదటిదో రెండోదో అయ్యుంటుంది. అయినా ఆమె గలేబు మూలలు తీరిగ్గా సర్ది, దిండుని రెండు తట్లు తట్టి, మొహాన నవ్వు పులుముకుని వంగింది.

"ఏమన్నారు సిన్యోరా? అర్థం కాలేదు. ఇటాలియన్‌లో చెప్పండి."

ముసలావిడ కళ్ళు మూసుకుని నోరు కూడదీసుకుంది. "అ... అక్..." దగ్గర గొంతు తెగిపోయింది. వంకరపోయిన మూతి లోంచి చివరికి మళ్ళీ అదే జారిపడింది. "అబ్బ."

"పర్లేదు, తొందరేమీ లేదు. బాగా ఆలోచించి చెప్పండి" అంది పాస్కా.

ఇది ఒకప్పుడు ఆవిడ నోటి నుంచే వచ్చిన మాట. పాస్కా దాన్ని అక్షరం పోకుండా తిరిగి ఇచ్చేసింది. ఇచ్చాక కడుపులో చల్లగా ఉంది. ఉంటే ఏం? తప్పా?

పక్షవాతం వచ్చినవాళ్ళకి ఉత్త నీళ్ళు పొలమారతాయి. ఒక తెల్లపొడి కలిపి, జావలా చిక్కబడేదాకా తిప్పి, గడ్డం కాస్త కిందికి వంచి చెంచాతో పట్టాలి. పాస్కా ఆ పనిలో ఏ లోటూ రానిచ్చేది కాదు. పాపం మూటగట్టుకోవడం ఆమెకి ఇష్టం లేదు. వేళకి ఇవ్వాల్సిన నీళ్ళు వేళకి ఇచ్చేది. అడిగిన నీళ్ళు మాత్రం ఇచ్చేది కాదు.

ఆ దీవికి సముద్రం ఇవతల, జెనోవా నగరంలో కొండవాలు మీద, కింద సముద్రం కనిపించే వృద్ధాశ్రమం అది. అక్కడ పాస్కా అన్న పేరు మరీ పల్లెటూరిదిగా ఉందని ఆమెను లీనా అనేవారు. ముసలావిడని స్ట్రెచర్ మీద తెచ్చిన రోజున మంచం తలాపున ఎర్సీలియా కొంతీని అని పేరు తగిలించారు. కొంతీనీలు లోకంలో బోలెడుమంది. పాస్కా పట్టించుకోలేదు. కానీ మధ్యాహ్నం సూపు రావడం ఆలస్యమైనప్పుడు ఆవిడ చెంచాతో పళ్ళెం అంచు మీద టకటకమని కొట్టింది. గుమ్మంలో ఉన్న పాస్కా వెన్ను దానంతటదే నిటారుగా అయిపోయింది. అరచేతులు రెండూ మూసుకుపోయాయి. అప్పుడు వెనక్కి తిరిగి మొహం చూసింది. చిన్నప్పుడు ఊళ్ళో చదువు చెప్పిన పంతులమ్మే.

ఓడలు బళ్ళవుతాయి, బళ్ళు ఓడలవుతాయి అంటారు. అయ్యేదాకా బతికుండి చూడ్డం అందరికీ దక్కదు. పాస్కాకి దక్కింది.

*

ఇంటికి వెళ్ళేసరికి తమ్ముడు జువన్నె వంటింట్లో బల్ల ముందు కూచుని కూరకి ఆర్టిచోకు మొగ్గలు ఒలుస్తున్నాడు. పురపాలక తోటల్లో కంచెలు కత్తిరించే పని అతనిది. ఆకు కత్తిరించినా ఆర్టిచోకు ఒలిచినా ఒకే ఓపిక. పైరేకులు విరిచి, మొన తెగ్గోసి, నల్లబడకుండా నిమ్మరసం నీళ్ళలో వేస్తున్నాడు. నోట్లో నాలుక లేని మనిషి. రొట్టెల కొట్లో కూడా కావలసింది వేలితో చూపిస్తాడు.

"పంతులమ్మ మా కాడికొచ్చిందిరా" అంది పాస్కా చెప్పులు విడుస్తూ. ఇంట్లో వాళ్ళు మాట్లాడుకునేది ఊరి మాటే.

"ఏ పంతులమ్మ?"

"ఎంతమంది పంతులమ్మలుండారురా మనకు?"

కత్తి ఆగింది. "తింటాందా?" అన్నాడు.

"అదా నువ్వడిగేది! తింటాందంట! నిన్ను మందబుద్ధి పిల్లోళ్ళ గదిలో ఏయించిన మనిషి గురించి అడగాల్సింది అదా?"

"మరేం అడగల్ల?"

"మూతి వంకరపోయింది. కుడిచెయ్యి పడిపోయింది. అది గాదు, ఇంకోటుంది ఇను. ఇటాలియన్ మొత్తం పోయింది. ఒక్క ముక్క లేదు. నోరు తెరిస్తే మన మాటే. గొర్రెలకాపరోళ్ళ ఆడోళ్ళ మాదిరి మాట్లాడతాంది."

"మన మాట ఆమెకెట్లొస్తాది? పీసా పట్నమోళ్ళ బిడ్డ గదా."

"అని చెప్పుకునింది. పీసా లేదు గీసా లేదు. మనకంటే బాగొస్తాది. ఆ యాస మన పక్కూరిదే."

జువన్నె చేతిలో ఆర్టిచోకుని అటూ ఇటూ తిప్పాడు. ఏదో లెక్క సరిపోనివాడిలా నుదురు ముడిచాడు.

"అట్లయితే ఆ పొద్దు నేను జెప్పింది ఆమెకు అర్థమైంది" అన్నాడు.

పాస్కాకి ఒక్క క్షణం అందలేదు. తరవాత అందింది. గోడకి తగిలించిన బొమ్మల పటం, దాని మీద గోధుమరంగు ఆడగుర్రం. ఇదేమిటి అని బెత్తం పెట్టి అడిగింది పంతులమ్మ. గుర్రాల మధ్య పుట్టినవాడు, గుర్రాల కింద పాకుతూ పెరిగినవాడు, గొంతెత్తి 'ఎబ్బ' అన్నాడు. ఊరి మాటలో ఎబ్బ అంటే ఆడగుర్రమే. తప్పు అంది. మళ్ళీ ఎబ్బ అన్నాడు. ఇది భాష కాదు, కూత, అంది. అడిగిన ప్రతిసారీ ఎబ్బే అన్నాడు, ఎందుకంటే అది ఎబ్బే. పిల్లవాడికి బుద్ధి ఎదగలేదని రాసి పంపించింది. పాస్కా అప్పుడు ముందు బెంచీలో ఉంది.

"అర్థమయ్యే తప్పనింది" అన్నాడు జువన్నె. అని, ఒలిచినదాన్ని నిమ్మనీళ్ళలో వేసి ఇంకొకటి తీసుకున్నాడు.

అంతే. కోపం లేదు, తిట్టు లేదు. పాస్కాకి ఒళ్ళు మండిపోయింది. వీడి కోపం కూడా నేనే పడాలా అనుకుంటూ పొయ్యి మీద గిన్నె ఠంగున పెట్టింది.

*

మర్నాడు ఉదయం డాక్టర్ మోజర్ వచ్చింది. ఉత్తరాన త్రెంతో వైపు మనిషి, సార్దీనియా మాట ఎరగదు. మంచిది, ఎప్పుడూ పరుగే. వెంట పంతులమ్మ కొడుకు కొర్రాదో కూడా ఉన్నాడు. ఇస్త్రీ కోటు, అలసిన కళ్ళు.

డాక్టర్ ఒక్కొక్క వస్తువే చూపిస్తూ పేరడిగింది. చెంచా. దువ్వెన. తాళంచెవి. పంతులమ్మ అన్నిటికీ పేర్లు చెప్పింది. ఒక్కటీ తప్పు కాదు. కిటికీ దగ్గర తువ్వాళ్ళు మడతపెడుతున్న పాస్కా ప్రతి మాటకీ లోపల్లోపల తలూపింది.

"ఇవి మాటలు కావండీ, ఉత్త శబ్దాలు" అంది డాక్టర్ కొడుకుతో, గొంతు తగ్గించి. "మెదడులో అర్థం అన్నదే చెదిరిపోయినప్పుడు ఇలా ఉంటుంది. రేపు ఇంకోసారి పరీక్ష చేస్తాను. మారకపోతే పై అంతస్తుకి పంపడమే మంచిది."

పై అంతస్తు అంటే మతి పోయినవాళ్ళది. ఆ తలుపులకి లోపలివైపు పిడి ఉండదు. పంతులమ్మకి ఇటాలియన్ పలకడమే పోయింది గాని వినడం పోలేదు. మంచం మీద ఆవిడ మొహం పాలిపోయింది.

"లీనా, మీరు రోజంతా దగ్గరుంటారు కదా. మీకేమైనా అర్థమవుతోందా?"

"లేదు డాక్టర్" అంది పాస్కా. తువ్వాలు అంచులు కలిపి మడిచింది.

అప్పుడే మలం గిన్నె తీసుకెళ్ళడానికి వచ్చిన ఔరీకా గుమ్మంలో ఆగిపోయింది. రుమేనియా పిల్ల, మనసులో ఏదీ దాగదు.

"నీళ్ళడుగుతోంది డాక్టర్! పొద్దుట్నుంచీ అదే అడుగుతోంది. మా భాషలో నీళ్ళని ఆప అంటాం. ఈవిడ అబ్బ అంటోంది. నిన్న నాలిక చూపించి లింబ అంది. మాకూ నాలిక లింబే, భాషా లింబే! సిన్యోర రుమేనియన్ మాట్లాడుతోందండీ!"

"మా అమ్మకి రుమేనియన్ ఏంటండీ!" కొర్రాదో మొహం ఎర్రబడింది. "మాది పీసా. జీవితమంతా పిల్లలకి ఇటాలియన్ చెప్పింది. ఇంట్లో నేను ఒక్క క్రియాపదం తప్పు వాడితే భోజనం బల్ల మీంచి లేపేసేది."

ఔరీకాది తప్పే గాని, లోకంలో ఇంత న్యాయమైన తప్పు ఇంకోటి ఉండదు. లాటిన్ తల్లి పోయాక పిల్లలంతా ఇల్లు పంచుకున్నారు. ఇటాలియన్ 'అక్వా' అనే సొమ్ము భద్రంగా దాచుకుంది. అటు రుమేనియా వాళ్ళూ ఇటు సార్దీనియా వాళ్ళూ ఒకరి మొహం ఒకరు చూడకుండానే ఆపా అబ్బా అని దాన్ని అరగదీశారు. అక్క చెల్లెళ్ళే అందరూ. కాకపోతే ఇటాలియన్ పెద్దింటి కోడలైంది గనక దానిది భాష, కొండమీద గొర్రెలు కాసుకునేదానిది కూత.

"ఒకసారి మాట్లాడించి చూడు" అంది డాక్టర్, ఏమైతే అదైందని.

ఔరీకా గిన్నె కింద పెట్టి మంచం మీదికి వంగి రుమేనియన్‌లో గడగడా అడిగింది. చలేస్తోందా, కిటికీ మూయాలా, ఊరెక్కడ, పిల్లలెంతమంది. పంతులమ్మ కాసేపు ఆశగా చూసింది. ఆ తరవాత అయోమయంగా చూసింది. చివరికి ఓపిక చచ్చి కొండయాసలో దులిపేసింది.

"ఈ కోడి నా నెత్తిన గుడ్డు పెట్టేదాకా పొయ్యేటట్టు లేదే!"

పాస్కాకి నవ్వు తన్నుకొచ్చింది. తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని దగ్గు కింద మార్చబోయింది. దగ్గు సరిగ్గా కుదరలేదు. తువ్వాలు దించేసరికి పంతులమ్మ తననే చూస్తోంది. ఔరీకా తలకాయ పక్కనుంచి రెండు కళ్ళూ సూటిగా ఆమె మీదే ఉన్నాయి.

*

మధ్యాహ్నం ఒళ్ళు తుడవడానికి వెళ్ళినప్పుడు పంతులమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది. ఎడమచెయ్యే అయినా పట్టు గట్టిది.

"నువ్వు మనదానివే. నవ్వినావు నువ్వు."

పాస్కా స్పాంజి పిండింది.

"నీకంతా అర్థమైతాంది. చెప్పు వాళ్ళకు. నాకు మతి పోలేదని చెప్పు. నన్ను ఆ పైగదిలో ఎయ్యొద్దని చెప్పు తల్లీ."

తల్లీ అట. పాస్కా వెళ్ళి తలుపు మూసి వచ్చింది. కుర్చీ మంచం పక్కకి లాక్కుని కూచుంది. ఆ ఆశ్రమంలో మొదటిసారి ఊరి మాటలో నోరు తెరిచింది.

"ఎబ్బను ఇటాలియన్‌లో ఏమంటారు పంతులమ్మా?"

ముసలావిడ నోరు తెరిచింది. గాలి వచ్చింది. పెదవులు వణికాయి. మెడనరాలు తేలాయి.

"ఎ... ఎబ్బ."

"తప్పు. మళ్ళా చెప్పు."

"ఎబ్బ."

"తప్పు. ఇది భాష గాదు, కూత. కూతలు కూసేవాళ్ళను యాడ పెడతారో నీకు ఎరుకే గదా. మా తమ్ముణ్ణి పెట్టినావు. జువన్నె. గుర్తుండాడా?"

పంతులమ్మ కళ్ళు ఆమె మొహమంతా వెతికాయి. నిజంగానే వెతికింది పాపం.

"ఏ జువన్నె?" అంది. "చానామంది ఉండ్రి."

పాస్కా లేచింది. స్పాంజిని బకెట్లో విసిరికొడితే నీళ్ళు చింది నేలంతా అయ్యాయి. చానామంది! తమ్ముడి బతుకంతా ఈవిడకి చానామందిలో ఒకడు. వెళ్ళు, పై అంతస్తుకే వెళ్ళు, పిడిలేని తలుపు గీక్కుంటూ కూచో. ఈ మాటలు ఆమె నడవాలో పైకే అనుకుంది. ఎదురొచ్చిన ఔరీకా తన్నే తిడుతోందనుకుని గోడకి అంటుకుపోయింది.

సాయంత్రం టీ బండి తోసుకుంటూ ఆ గది ముందు నుంచి వెళ్తుంటే తలుపు ఓరగా ఉంది. పంతులమ్మ గోడవైపు తిరిగి ఉంది. "అక్... అక్..." అంటోంది. మాట రాలేదు. చచ్చుబడ్డ కుడి అరచేతిని ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని ఎడమచేత్తో చెళ్ళుమని కొట్టింది. మళ్ళీ "అక్..." అంది. మళ్ళీ కొట్టింది. కొట్టే చెయ్యీ తినే చెయ్యీ రెండూ ఆవిడవే. ఆ చేతికి నొప్పి తెలియదు కాబట్టి ఇంకా గట్టిగా కొడుతోంది.

పాస్కా బండి వదిలి లోపలికి వెళ్ళింది. గ్లాసులో పొడి వేసి తిప్పింది. గడ్డం పట్టుకుని కిందికి వంచి చెంచాడు నీళ్ళు పట్టింది, ఇంకో చెంచాడు పట్టింది. తన మీద తనకే అసహ్యం వేసింది. పగ పట్టడానికి కూడా గట్టి గుండె ఉండాలి, అది తనకి లేదని తేలిపోయింది.

*

ఇప్పుడు నిజం చెబితే, ఇన్నాళ్ళూ ఎందుకు దాచావని అడుగుతారు. ఉద్యోగం ఊడుతుంది. దారంతా ఆలోచించి పాస్కా ఒక ఉపాయం పట్టుకుంది. అవి సార్దీనియా మాటలేమోనని, తను చిన్నప్పుడే ఊరు వదిలానని, అక్కడే పెరిగిన తమ్ముడికైతే గుర్తుండొచ్చని చెప్పాలి. వాడు వస్తాడు, వింటాడు, డాక్టర్‌కి చెబుతాడు. ఎవర్నైతే బుద్ధిలేనివాడని గెంటేసిందో వాడే వచ్చి ఆవిడకి బుద్ధి ఉందని సాక్ష్యం చెప్పాలి. అంతకన్నా చెంపపెట్టు ఇంకేముంటుంది? తన జాలికి అలా ఒక గౌరవమైన పేరు దొరికాక పాస్కా మనసు కుదుటపడింది.

"నేనా?" అన్నాడు జువన్నె.

"నువ్వే. ఆమె చెప్పింది డాక్టరమ్మకు చెప్తే చాలు."

"ఇటాలియన్‌లోనా?"

"ఇటాలియన్‌లోనే. నీకొస్తాది."

"వస్తాది" అన్నాడు.

పొద్దున్నే గడ్డం గీసుకున్నాడు. పండగలకి వేసే తెల్లచొక్కా వేసుకున్నాడు. స్నానాలగదిలోంచి సన్నగా గొణుగుడు వినిపించింది. ఏదో వాక్యం పదేపదే చదువుకుంటున్నాడు. పాస్కాకి మురిపెం వేసింది. పిచ్చివాడు, పరీక్షకి వెళ్తున్నట్టు!

గదిలో డాక్టర్, కొర్రాదో, ఔరీకా ఉన్నారు. పంతులమ్మని చక్రాల కుర్చీలో కూచోబెట్టారు. కొర్రాదో మాది పీసా అని ఇంకోసారి చెప్పాడు. డాక్టర్ చేత్తో ఆపింది. "వినడంలో నష్టమేముంది?" అంది.

"ఈడే జువన్నె" అంది పాస్కా. పంతులమ్మ వైపు వంగి, పేరు మాత్రమే గట్టిగా చెప్పింది.

పంతులమ్మ మొహం వెలిగింది. ఒక్క చెయ్యి చాచి అతని చేతివేళ్ళు పట్టుకుంది. జువన్నె టోపీ చంకలో పెట్టుకుని, మంచి విద్యార్థిలా ముందుకి వంగి నిలబడ్డాడు.

"వచ్చినావా నాయినా" అంది ఆవిడ కొండయాసలో. "నాకు మతి సరింగానే ఉందని చెప్పు వీళ్ళకు. అంతా తెలుస్తాంది నాకు, ఇటాలియనే రాకుండా పొయింది. నేనూ గొర్రెలకాపరోని కూతుర్నే. మా అమ్మ కట్టుకునిన గుడ్డలు చూస్తే సిగ్గయ్యేది నాకు. నన్ను పైన ఎయ్యొద్దని చెప్పు. నీకు పుణ్యముంటాది." ఊపిరి తీసుకుంది. "అది ఎబ్బే. నువ్వు జెప్పింది సరే. ఎబ్బే నాయినా అది."

జువన్నె చివరిదాకా విన్నాడు. ఆ ఆఖరి మాటకి అతని రెప్పలు ఒకసారి టపటపలాడాయి. అక్కడ పాస్కాకి తప్ప ఎవరికీ తెలియలేదు గాని ఒక మనిషి దాదాపు జీవితమంతా ఆ మాట కోసం కాచుక్కూచున్నాడు. దొరికింది. ఇక చెప్పరా, అనుకుంది పాస్కా.

జువన్నె తన వేళ్ళు ఒక్కొక్కటిగా విడిపించుకుని నిటారుగా నిలబడ్డాడు.

"క్షమించండి డాక్టర్" అన్నాడు ఇటాలియన్‌లో. "ఈ సిన్యోర చెప్పినది నాకు ఏమీ అర్థం కాలేదు. ఇది భాష కాదు."

ప్రతి ఒత్తూ పలికింది. ప్రతి అక్షరమూ కడిగినట్టుంది. అది అచ్చంగా పంతులమ్మ ఇటాలియనే, ఆవిడ గొంతులో ఒకప్పుడు పలికినదే.

"సార్దీనియా మాట కూడా కాదంటారా?"

"కాదండీ. శబ్దాలు."

"అయ్యో" అంది డాక్టర్. తరవాత, మర్యాదకి కాదు, నిజంగానే అంది: "మీరు చాలా చక్కగా మాట్లాడతారండీ."

"మంచి పంతులమ్మ దగ్గర చదువుకున్నాను" అన్నాడు జువన్నె.

కొర్రాదో కిటికీవైపు తిరిగి ముక్కు చీదుకున్నాడు. పంతులమ్మ కళ్ళు జువన్నె మీంచి మెల్లగా పాస్కా మీదికి వచ్చి అక్కడ ఆగాయి.

"లీనా?" అంది డాక్టర్. "మీరూ విన్నారు కదా. మీకేమైనా తెలిసిన మాట వినిపించిందా? ఒక్కటైనా చాలు."

ఒక్కటి చాలు. అబ్బ అంటే నీళ్ళు అని ఒక్క ముక్క చెబితే ముసలావిడ ఈ గదిలోనే, సముద్రం చూసుకుంటూ ఉంటుంది. పాస్కా నోరు తెరిచింది. తెరుస్తూ తమ్ముడివైపు చూసింది. తెల్లచొక్కాలో, గుమ్మం పక్కన, గడ్డం ఎత్తి నిలబడి ఉన్నాడు. వీపు గోడకి ఆనించలేదు. నలుగురున్న గదిలో వాడు అలా నిలబడడం ఆమె ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు తను ఆ ముక్క చెబితే, పాపం అతనికి అర్థం కాలేదు అంటారు. ఇటాలియన్‌లో, మెల్లగా, జాలిగా అంటారు. వాడు మళ్ళీ ఆ మందబుద్ధి పిల్లల గదిలోకే పోతాడు.

"మా తమ్ముడికి తెలియనిది నాకేం తెలుస్తుంది డాక్టర్?" అంది పాస్కా. "మా ఇంట్లో తెలివైనవాడు వాడే."

వంగి చక్రాల కుర్చీ బ్రేకు తీసింది. పంతులమ్మ కాళ్ళ మీద దుప్పటి సరిచేసి, కుర్చీని లిఫ్టు వైపు తిప్పింది.